కొత్త ఉప్పునీటి ట్యాంక్‌లో మొదట ఏం వేయాలి?

మహబూబ్‌నగర్‌లో 200 లీటర్ల ఉప్పునీటి ట్యాంక్ పెట్టి మూడు వారాలైందని, నీళ్లు తేటగా ఉన్నాయి కాబట్టి చేపలు వేయొచ్చా అని మీరు అడిగారు. తేటనీళ్లను నమ్మకండి. చేపల వ్యర్థాల నుంచి పుట్టే విషం అమ్మోనియా, అది కంటికి కనబడదు.

నేను నల్గొండలో ఇలాగే తొందరపడ్డాను. డామ్సెల్ చేపలు గట్టివి, తట్టుకుంటాయని షాపులో చెబితే పన్నెండో రోజునే మూడు తెచ్చి వేశాను. మూడో రోజు పొద్దున లేచి చూస్తే రెండు చచ్చిపోయి ఉన్నాయి. టెస్ట్ కిట్ ఆ తర్వాత కొన్నాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. బతికిన మూడోది తర్వాత తెచ్చిన క్లౌన్ చేపలను ఒక్క క్షణం నిలవనివ్వలేదు. దాన్ని పట్టడానికి రాళ్లన్నీ బయటికి తీయాల్సి వచ్చింది. అందుకే డామ్సెల్‌తో మొదలుపెట్టొద్దని గట్టిగా చెబుతున్నాను.

ట్యాంక్‌లో ఏ ప్రాణీ లేనప్పుడే అమ్మోనియం క్లోరైడ్ కలిపి అమ్మోనియాను లీటరుకు 2 మిల్లీగ్రాములకు తెచ్చి చూడండి. 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వచ్చి, నైట్రేట్ కనిపిస్తే, అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా సిద్ధమైనట్టే. మర్నాడు మళ్లీ ఒకసారి చేసి చూస్తే ఇంకా ధైర్యం. తర్వాత కొంత నీళ్లు మార్చండి.

ఇసుక మీద గోధుమరంగు నాచు పట్టాక నాలుగైదు నత్తలు వేయండి, ట్రోకస్ అయితే మంచిది. నాచు లేకుండా వేస్తే వాటికి తిండి ఉండదు. ఉప్పునీటి సాపేక్ష సాంద్రత (మామూలు నీటితో పోలిస్తే బరువు) 1.025 దగ్గర నిలకడగా ఉండాలి. షాపు నీళ్లకు, మీ నీళ్లకు తేడా ఉంటే సన్నటి పైపుతో చుక్కచుక్కగా గంటసేపు కలిపి అలవాటు చేయండి. కవర్లోని నీళ్లు మాత్రం ట్యాంక్‌లో పోయొద్దు. రాగి ఉన్న మందు ఏదీ వాడకండి, నత్తలు బతకవు. రెండు వారాలు ఇవి బాగుంటే అప్పుడు ఒక జత చిన్న క్లౌన్ చేపలు. అంతకుమించి ఆ నెలలో ఏమీ వద్దు.

మన దగ్గర అసలు టెన్షన్ నీళ్లదే. మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్, ఉప్పులు ఎక్కువ. ఆర్‌వో నీళ్లే వాడుతున్నా, ఇంటి మిషన్లో టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మోతాదు) సర్దే చిన్న వాల్వ్ తెరిచి ఉంటే మామూలు నీళ్లు కలిసిపోతాయి. నాకది ఆలస్యంగా తెలిసింది. టీడీఎస్ మీటరుతో ఒకసారి చూసుకోండి. ఎండాకాలంలో నీళ్లు త్వరగా ఇగిరిపోతాయి, ఉప్పు మాత్రం ట్యాంక్‌లోనే మిగిలిపోతుంది. కాబట్టి తగ్గిన మేరకు ఉప్పు కలపని ఆర్‌వో నీళ్లే పోయాలి. మన పొడి గాలికి నీటిపైన చిన్న ఫ్యాన్ పెడితే రెండు డిగ్రీలు తగ్గుతుంది. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, కరెంటు పోతే చేపలు ఆగలేవు. బ్యాటరీ ఎయిర్ పంపు చేపలకంటే ముందే కొనండి.

మీ అమ్మోనియా, నైట్రైట్, ఉప్పు రీడింగులు, పోసింది ఏ నీళ్లో ఇక్కడ రాయండి. అవి చూసి నత్తలు ఎప్పుడు వేయొచ్చో చెబుతాను.