అమ్మకి షుగరు, పైగా అడ్డపొగ... ఇంప్లాంట్ కుదురుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది శ్రీకాకుళం దగ్గర పల్లెటూరు. అమ్మకి 62 ఏళ్ళు, పన్నెండేళ్ళుగా షుగరు ఉంది. కింద ఎడమవైపు దవడ పళ్ళు రెండు ఐదేళ్ళ కిందట పీకించాం, అప్పటి నుంచి ఒక పక్కనే నములుతోంది. షుగరుంటే ఇంప్లాంట్ వద్దని ఒక డాక్టర్, రేపే రండి పెట్టేస్తామని ఇంకొక డాక్టర్ అన్నారు. మొన్న చేయించిన మూడు నెలల సగటు షుగరు పరీక్ష (HbA1c) 8.6 వచ్చింది. ఎముకలు గుల్లబారాయని ఏడాదికోసారి ఇంజెక్షన్ కూడా చేయిస్తున్నాం. అమ్మకి చిన్నప్పటి నుంచి అడ్డపొగ, అంటే చుట్ట నిప్పున్న కొన నోట్లో పెట్టుకుని తాగే అలవాటు, సిగ్గుపడి ఇద్దరికీ చెప్పలేదు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరి మాటా ఇప్పుడే వినకండి. మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం మీరు చివర్లో రాశారు, అదే వాళ్ళిద్దరికీ తెలియదు.

ఇంప్లాంట్ అంటే దవడ ఎముకలో బిగించే టైటానియం స్క్రూ. బిగించడం కష్టం కాదు, ఆ తర్వాత ఎముక దాన్ని తనలో కలుపుకోవాలి, కింది దవడలో దానికి సుమారు మూడు నెలలు, పై దవడలో ఇంకా ఎక్కువే పడుతుంది. ఆ నెలల్లో అక్కడికి రక్తం బాగా అందాలి. పొగాకులోని నికోటిన్ రక్తనాళాల్ని ముడుచుకునేలా చేస్తుంది కాబట్టి పొగ తాగేవాళ్ళలో ఇంప్లాంట్లు ఊడిపోవడం ఎక్కువ. మీ అమ్మగారిదేమో నిప్పు నోట్లో పెట్టుకునే అలవాటు, వేడి, పొగ రెండూ నేరుగా అంగిలికే తగులుతాయి. అందుకే నేనైతే పన్ను సంగతి తర్వాత చూద్దామని ముందు అంగిలి చూస్తాను. తెల్లటి మచ్చలు, ఎర్రటి చుక్కలు, మానని పుండు ఏదున్నా ముందు దాని సంగతి తేల్చాలి, ఎందుకంటే అడ్డపొగ తాగేవాళ్ళకి అంగిలి క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉంది. ఇంకో చిక్కుంది. పొగ తాగేవాళ్ళకి చిగుళ్ళు లోపల పాడైనా రక్తం పెద్దగా కారదు, దాంతో అంతా బాగుందనుకుంటాం. చిగుళ్ళ జబ్బు ఉంటే అది తగ్గాకే ఇంప్లాంట్ మాట.

దయచేసి అమ్మని కోప్పడకండి. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఎంతోమంది ఆడవాళ్ళు ఇంట్లో పెద్దవాళ్ళని చూసి నేర్చుకున్న అలవాటు అది, డాక్టర్ దగ్గర దాచాల్సిన తప్పేమీ కాదు. పక్కన కూర్చుని మీరే చెప్పండి. మానేయడం ఒక్కరోజులో అవ్వదు, అయినా ఇంప్లాంట్‌కి కొన్ని వారాల ముందు నుంచీ, ఎముక అతుక్కునేదాకా చుట్ట ముట్టుకోకూడదు. ఆ తర్వాత మళ్ళీ మొదలుపెడితే పడ్డ కష్టమంతా వృథా.

షుగరుంటే ఇంప్లాంట్ అసలు వద్దన్నది నిజం కాదు. అదుపులో లేని షుగరుతోనే ఇబ్బంది, గాయం త్వరగా మానదు, చీము పడుతుంది. 8.6 ఎక్కువే. 7 దగ్గరికి తెచ్చుకుని రండి, మూడు నాలుగు నెలలు ఆగితే నష్టమేం లేదు.

ఇక ఇంజెక్షన్. దాని పేరు, ఎన్నేళ్ళుగా చేయిస్తున్నారు, చివరిది ఎప్పుడు, ఇవన్నీ చీటీ మీద రాసి తీసుకెళ్ళండి. ఎముకలు గుల్లబారినందుకు ఇచ్చే మందులతో అరుదుగా దవడ ఎముక మానకుండా కుళ్ళే ప్రమాదం ఉంటుంది. క్యాన్సర్ రోగులకి తరచుగా, పెద్ద మోతాదుల్లో ఇచ్చినప్పుడు ఆ ప్రమాదం చాలా ఎక్కువ, మీ అమ్మగారి లాంటివాళ్ళకి తక్కువే. అందుకని ఇంజెక్షన్ మీ అంతట మీరు ఆపేయకండి, రాసిచ్చిన డాక్టర్‌తో పళ్ళ డాక్టర్‌ని మాట్లాడుకోనివ్వండి.

ఐదేళ్ళుగా పళ్ళు లేవు కాబట్టి ఎముక సన్నబడే ఉంటుంది, సీబీసీటీ స్కాన్ (దవడ ఎముకని అన్ని వైపుల నుంచీ చూపించే ఎక్స్‌రే) తీస్తే ఎంత మిగిలిందో, కింద నరం ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. స్కాన్ కూడా తీయకుండా రేపే రండి అన్నవాళ్ళ దగ్గరికి నేను మా అమ్మని తీసుకెళ్ళను. ఇవన్నీ కుదరకపోతే తీసిపెట్టుకునే పళ్ళ సెట్టు ఉంది, వెనక గట్టి పన్ను మిగిలి ఉంటే బ్రిడ్జి (పక్క పళ్ళ ఆసరాతో కట్టే పళ్ళు) గురించీ అడగండి. వయసు గురించి మాత్రం టెన్షన్ పడకండి, 62 అడ్డే కాదు.

ప్రశ్న: క్రికెట్ బంతి తగిలి మా పెద్దబ్బాయికి ముందు పన్ను ఊడిపోయింది. వాడికి 15 ఏళ్ళు. ఇంప్లాంట్ పెట్టించమంటారా? చిన్నవాడు కూడా ఆడతాడు, భయంగా ఉంది.

జవాబు: ఇప్పుడే వద్దు. దవడ ఇంకా పెరుగుతోంది, పక్క పళ్ళు దాంతోపాటు కదులుతాయి, ఇంప్లాంట్ మాత్రం ఎముకకి అతుక్కుని అక్కడే ఉండిపోతుంది, నాలుగేళ్ళకి ఆ పన్ను పొట్టిగా, చిగురు ఎగుడుదిగుడుగా కనిపిస్తుంది. ఎదుగుదల ఆగిందని తేలేదాకా, మగపిల్లలకి ఇది ఇరవై దాటాక కూడా కావచ్చు, పక్క పన్నుకి అతికించే తాత్కాలిక పన్నుతో నెట్టుకురావచ్చు. చిన్నవాడికి ఆడేటప్పుడు పళ్ళకి పెట్టుకునే తొడుగు, మౌత్‌గార్డ్ కొనివ్వండి. ఎప్పుడైనా వాడికీ (పాలపన్ను కాదు) శాశ్వత పన్ను ఊడితే వేరు పట్టుకోకుండా తీసి, పాలలో వేసి, గంటలోపు పళ్ళ డాక్టర్ దగ్గరికి పరుగెత్తండి, అదే పన్ను మళ్ళీ నిలబెట్టే అవకాశం ఉంటుంది.