చెరువు ఆక్సిజన్ లెక్కలు: ఫైలు పెరగకుండా భద్రపరచడం ఎలా?

ప్రశ్న: భీమవరం దగ్గర మా రొయ్యల చెరువు గట్టున పెట్టిన చిన్న లైనక్స్ కంప్యూటరు, నీటిలోని ఆక్సిజన్‌ను 5 నిమిషాలకొకసారి ఫైలులో రాస్తోంది. మెమరీ కార్డు నిండిపోతోంది. పాత లెక్కలు పోకుండా గ్రాఫు గీసుకునే మార్గం చెప్పగలరు.
– ఒక రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: టోబియాస్ ఓటికర్ రూపొందించిన ఆర్‌ఆర్‌డీటూల్ అనే ఉచిత కమాండ్‌లైన్ సాధనం మీకు సరిగ్గా సరిపోతుంది. దీని ఫైలు పరిమాణం ‘క్రియేట్’ ఆదేశంతోనే ఖరారవుతుంది. రీడింగులు దాచే గడులన్నీ నిండాక కొత్త రీడింగు అన్నిటికంటే పాతదాని స్థానంలో చేరుతుంది గనుక ఫైలు ఇక పెరగదు. వ్యవధి 300 సెకన్లుగా, రకం ‘గేజ్’గా (వచ్చిన విలువను ఉన్నదున్నట్టు తీసుకునేది) పెట్టండి. 5 నిమిషాల రీడింగులకు 2016 గడులిస్తే వారం రోజులు, గంటకో సగటు చొప్పున 8760 గడులిస్తే ఏడాది నిలుస్తాయి.

ఏడాది లెక్కకు సగటు ఒక్కటే ఉంచుకోవద్దని మాత్రం గట్టిగా చెబుతున్నాను. చెరువులో ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా తగ్గుతుంది. నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగిన పది నిమిషాల్లో పడిపోయిన విలువ గంట సగటులో కలిసిపోయి కంటికి కనిపించదు. అందుకే ‘మిన్’ పేరుతో కనిష్ఠ విలువలకు వేరే వరుస తప్పక పెట్టండి. సెన్సార్ తీగ ఊడినప్పుడు సున్నా రాయకండి, ఆ కనిష్ఠమే చెడుతుంది; ‘యూ’ అక్షరం పంపితే అది తెలియని విలువగా నమోదై, గ్రాఫులో అంతమేర గీత తెగుతుంది.

పాత రీడింగులను కూడా ఎక్కించవచ్చు. ప్రారంభ సమయాన్ని మొదటి రీడింగుకు ముందుగా ఇచ్చి, ‘అప్‌డేట్’ ఆదేశంతో కాలక్రమంలోనే పంపాలి; వెనకటి సమయాన్ని అది అంగీకరించదు. ఆపై ‘గ్రాఫ్’ ఆదేశాన్ని, పనులను వేళకు దానంతటదే నడిపే లైనక్స్ ఏర్పాటైన క్రాన్‌లో పెడితే గంటగంటకూ బొమ్మ తయారవుతుంది.