లైపేజ్ కంటే యూరియా ముఖ్యమా?

ప్రశ్న: పోయిన నెల మా వారికి పాంక్రియాటైటిస్ (క్లోమ గ్రంథి వాపు) వచ్చింది. రక్తపరీక్షలో లైపేజ్ (క్లోమం తయారుచేసే ఎంజైమ్) 2,400 చూసి ఇంటిల్లిపాదీ ఏడ్చాం. డాక్టరు గారు మాత్రం రోజూ రక్తంలో యూరియా ఎంతుందనే అడిగేవారు. ఎందుకు?
– ఒక సోదరి, ఖమ్మం

జవాబు: అమ్మా, లైపేజ్ జబ్బును పట్టిస్తుంది, తీవ్రతను చెప్పదు. అంతకంటే ఎక్కువ ఉన్నవారు నాలుగు రోజుల్లో ఇంటికి నడిచి వెళ్లడం నేను చూశాను. నన్ను భయపెట్టేది యూరియా. ఒంట్లో వాపు పెరిగితే రక్తనాళాల్లోని నీరు బయటకు జారిపోతుంది, మూత్రపిండాలకు రక్తం చాలదు, దాంతో రక్తంలో యూరియా పెరుగుతుంది. ఆసుపత్రిలో చేరినప్పుడే అది డెసిలీటరుకు 43 మిల్లీగ్రాములు దాటి, సెలైన్ ఎక్కించినా మర్నాటికి ఇంకా పెరిగిందంటే ఆ రాత్రి నేను మంచం దగ్గరే ఉంటాను. ఒంట్లో వాపును చూపే సీఆర్‌పీ అనే రక్తపరీక్ష 48 గంటలకు లీటరుకు 150 మిల్లీగ్రాములు దాటినా తీవ్రమనే అనుమానిస్తాం. మొదటి రోజు చేస్తే అది అంతగా పనికిరాదు. అయితే ఏ ఒక్క అంకె కూడా ప్రాణం సంగతి తేల్చదు, ఊపిరి, మూత్రం కూడా చూడాలి. ఇంతకీ ఈ జబ్బుకు కారణమయ్యే రాళ్లు పిత్తాశయంలో ఉన్నాయేమో స్కానింగ్ చేయించారా? ఉంటే ఆపరేషన్ వాయిదా వేయకండి.