బిస్మత్: లోహమా, అర్ధలోహమా?

ప్రశ్న: ఆవర్తన పట్టికలో 15వ గ్రూపులోని బిస్మత్‌ను ఒక పుస్తకంలో లోహమని, ఇంకోదాంట్లో అర్ధలోహమని రాశారు. పరీక్షలో ఏది రాయాలి?
– ఇంటర్ విద్యార్థిని, ఏలూరు

జవాబు: లోహమనే రాయండి. ఈ గ్రూపులో నైట్రోజన్, ఫాస్ఫరస్ అలోహాలు. ఆర్సెనిక్, ఆంటిమొనీ అర్ధలోహాలు. ఆక్సైడ్లను చూస్తే తేడా తెలిసిపోతుంది. ఆంటిమొనీ ట్రైఆక్సైడ్ ఆమ్లంలోనూ క్షారంలోనూ కరుగుతుంది, బిస్మత్‌ది లోహాల ఆక్సైడ్లలాగా ఆమ్లంలోనే. చిక్కంతా పేరుతో వచ్చింది. భౌతికశాస్త్రంలో బిస్మత్‌ను సెమీమెటల్ అంటారు. అంటే విద్యుత్తును మోసే ఎలక్ట్రాన్లు చాలా తక్కువని. దీని నిరోధకత రాగి కంటే 70 రెట్లకు పైనే. రసాయనశాస్త్రంలోని మెటలాయిడ్ వేరు, అది లోహ, అలోహ లక్షణాలు రెండూ ఉన్న మూలకం. తెలుగులో రెండింటినీ ‘అర్ధలోహం’ అనేస్తున్నాం!

జడ జంట ప్రభావం (బయటి కక్ష్యలోని రెండు s ఎలక్ట్రాన్లు బంధాల్లో పాల్గొనడానికి మొరాయించడం) వల్ల బిస్మత్‌కు +3 ఆక్సీకరణ స్థితే స్థిరం. +5లో ఉన్న సోడియం బిస్మతేట్ ఎంత బలమైన ఆక్సీకరణి అంటే, నైట్రిక్ ఆమ్లం కలిపిన మాంగనీస్ లవణ ద్రావణంలో చిటికెడు వేస్తే పర్మాంగనేట్ ఊదారంగు వచ్చేస్తుంది.

ప్రశ్న: 100 గ్రాముల బిస్మత్‌ను పరీక్షనాళికలో కరిగించి చల్లారనిస్తే నాళిక పగిలింది. రంగుల స్ఫటికాలూ రాలేదు.
– ఉపాధ్యాయుడు, ఖమ్మం

జవాబు: నీళ్లు మంచుగడ్డ అయినట్టే, బిస్మత్ కూడా 271 డిగ్రీల దగ్గర గడ్డకడుతూ 3 శాతానికి పైగా ఉబ్బుతుంది. గాజు ఆగదు. స్టీలు గిన్నె వాడండి, దాన్ని మళ్లీ వంటకు తేవద్దు. 100 గ్రాములు ఇట్టే చల్లారిపోతుంది, కనీసం అరకిలో ఉండాలి. సీసం, తగరం కలిసిన దిమ్మైతే స్ఫటికాల మెట్లు సరిగా రావు.

కరిగాక పైన తేలే తెట్టును పొడి చెంచాతో తీసేయండి. మంట ఆపి గిన్నెను కదపకండి. అంచుల నుంచి పొర కడుతూ, మధ్యలో లోహం ఇంకా తొణుకుతున్నప్పుడే మిగిలిన ద్రవాన్ని మరో పొడి స్టీలు గిన్నెలోకి వంపేయండి. అడుగున మెట్లుమెట్లుగా స్ఫటికాలు మిగులుతాయి. ముందే వంపితే ఏమీ మిగలదు, ఆలస్యమైతే అంతా ఒకే దిమ్మ. రంగులు లోహానివి కావు: వేడి స్ఫటికానికి గాలి తగిలి ఏర్పడే పల్చటి ఆక్సైడ్ పొరవి, సబ్బుబుడగ మీద కనిపించేలాంటివే. స్ఫటికం అప్పటికే చల్లబడితే తెల్లగానే ఉండిపోతుంది. కళ్లద్దాలు, తోలు గ్లోవ్స్ తప్పనిసరి. ఒక్క నీటిచుక్క పడినా కరిగిన లోహం ఎగజిమ్ముతుంది.

ప్రశ్న: బిస్మత్ రేడియోధార్మికమట. ఇంట్లో ఉంచుకోవచ్చా?

జవాబు: నిక్షేపంగా. బిస్మత్-209 క్షీణిస్తుందని ఫ్రాన్స్‌లో 2003లో తేల్చారు, నిజమే. కానీ దాని అర్ధాయుష్షు (ఉన్న పరమాణువుల్లో సగం క్షీణించడానికి పట్టే కాలం) 2 పక్కన 19 సున్నాలు పెట్టినన్ని సంవత్సరాలు. విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లే.