పాత కెర్నల్‌ని అప్పుడే తీసేయకు

అమ్మాయీ,

నీ లినక్స్‌లో కొత్త కెర్నల్, అంటే హార్డ్‌వేర్‌నీ ప్రోగ్రాముల్నీ కలిపి నడిపే సిస్టమ్ మూలభాగం, వేశానని, పాతవన్నీ తీసేసి డిస్క్ ఖాళీ చేస్తానని రాశావు. ఆ పని కొన్నాళ్లు ఆపు తల్లీ. ముందు ఇప్పుడు నడుస్తున్నది ఏదో చూసుకో. టెర్మినల్‌లో యూనేమ్ మైనస్ ఆర్ (uname -r) కొడితే వెర్షన్ చెబుతుంది. కొత్తది ఇన్‌స్టాల్ అయినా, రీబూట్ చేసేదాకా నడిచేది పాతదే.

ప్రతి కెర్నల్‌కీ బూట్ డైరెక్టరీలో దాని ఇమేజ్ (అసలు కెర్నల్ ఫైలు), దాని ఇనిట్‌ఆర్‌డీ (బూట్ మొదట్లో వాడే తాత్కాలిక ఫైళ్ల మూట) ఉంటాయి. డ్రైవర్లు వేరే చోట, ఆ వెర్షన్ పేరున్న ఫోల్డర్‌లో ఉంటాయి. అందుకే ఒకదాని జోలికి ఇంకొకటి రాదు. నీ ఫైళ్లు, ప్రోగ్రాములు మాత్రం అన్నిటికీ ఉమ్మడి.

ఒకసారి తెల్లారితే పని అప్పజెప్పాలనగా రాత్రి అప్‌డేట్ చేశాను. రీబూట్ చేస్తే నల్లటి స్క్రీన్, పై మూలన గీతలా ఒక కర్సర్, అంతే. కొత్త కెర్నల్ హెడర్లు (డ్రైవర్ బిల్డ్ చేయడానికి కావాల్సిన ఫైళ్లు) లేక గ్రాఫిక్స్ డ్రైవర్ దానికి బిల్డ్ కాలేదు. చేతులు చల్లబడ్డాయి. ఆపి, మళ్లీ ఆన్ చేస్తూ ఎస్కేప్ నొక్కితే ఏ కెర్నల్‌తో బూట్ చేయాలో ఎంచుకునే గ్రబ్ మెనూ వచ్చింది. అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ తెరిచి, పాత వెర్షన్ ఉన్న లైను మీద ఎంటర్ కొట్టాను. డెస్క్‌టాప్ వచ్చేసింది. ఆ లైను లేకపోతే రాత్రంతా టెన్షనే.

అలాగని పోగేసుకోవద్దు. రెండు మూడు చాలు. ఫెడోరా అనే లినక్స్ కూడా మామూలుగా మూడే ఉంచుతుంది. బూట్‌కి విడిగా చిన్న పార్టిషన్ ఉంటే మరీ జాగ్రత్త. అది నిండితే ఇనిట్‌ఆర్‌డీ తయారవుతూ మధ్యలో ఆగిపోతుంది, అప్‌డేట్ సగంలో నిలుస్తుంది. తీసేటప్పుడు ఫైళ్లను చేత్తో డిలీట్ చేయకు, ప్రోగ్రాములు వేసే, తీసే ప్యాకేజీ మేనేజర్‌తోనే తీసెయ్. అప్పుడు గ్రబ్ మెనూ కూడా దానికి తగ్గట్టు మారుతుంది. ఉబుంటు లినక్స్‌లో అయితే ఆటోరిమూవ్ కమాండ్ అక్కర్లేని పాతవాటిని చూసుకుంటుంది. నడుస్తున్నదాన్ని మాత్రం ముట్టుకోవద్దు.

బూట్ అయింది కదా అని కొత్తదాన్ని నమ్మేయకు. సౌండ్, బ్లూటూత్, ప్రింటర్ అన్నీ వాడి చూడు. నాకు ఎక్కువసార్లు ఇబ్బంది వచ్చింది ల్యాప్‌టాప్ స్లీప్‌లోంచి లేచేటప్పుడే. ల్యాప్‌టాప్ మూత వేసి, పది నిమిషాలాగి తెరువు. వైఫై దానంతటదే కలిసిందో లేదో నాకు రాయి. ఆ తర్వాత ఏది తీయాలో చూద్దాం.

ఆశీస్సులతో,
పెదనాన్న