మీ ప్రశ్నలు – మా జవాబులు: ఏజెన్సీ ఊళ్లకు సేవకు వెళ్లే విద్యార్థులకు

ప్రశ్న: మా అమ్మాయి టెక్సస్‌లో ప్రీమెడ్ (మెడికల్ కాలేజీలో చేరడానికి ముందు చదివే డిగ్రీ) రెండో ఏడు చదువుతోంది. వేసవి సెలవుల్లో నలుగురు స్నేహితులతో పాడేరు వైపు వెళ్లి రెండు వారాలు మెడికల్ క్యాంపులు పెడతానంటోంది. బీపీ మిషన్లు, షుగర్ స్ట్రిప్స్, తెలిసిన డాక్టర్లు ఇచ్చిన శాంపిల్ మందులు సర్దుకుంటున్నారు. ఏం చూసుకోవాలి?
– ఒక తండ్రి, డల్లాస్

జవాబు: ముందు ఆ మందుల పెట్టె పక్కన పెట్టించండి. కంపెనీలు డాక్టర్లకు ఊరికే ఇచ్చిన శాంపిళ్లు, రోగులు వాడగా మిగిలినవి విరాళంగా పంపకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల్లోనే ఉంది. చేరేనాటికి కనీసం ఏడాది గడువు కూడా మిగలాలి. అసలు చిక్కు గడువుతో కాదు. మీ బిళ్లలు పదిహేను రోజులకిస్తే పదహారో రోజు ఆ మందు పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) దొరకదు. అక్కడ బీపీకి మామూలుగా ఇచ్చేది ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్. ‘అమెరికా మందు’ వచ్చిందని పాతది ఆపేసినవాళ్లు, ఇది అయిపోయాక ఏదీ వేసుకోకుండా ఉండిపోతారు.

రెండోది, ఎవరు ఏ పని చేయొచ్చన్నది. టెక్సస్‌లో చేయడానికి అనుమతి లేని పని పాడేరులోనూ చేయకూడదు. అమెరికా మెడికల్ కాలేజీల సంఘం ఏఏఎంసీ ప్రీమెడ్ పిల్లలకు చెప్పేదీ ఇదే. మన దగ్గర రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తే జాతీయ వైద్య కమిషన్ చట్టం 34వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. కుట్లు, ఇంజెక్షన్ల సంగతి సరే, షుగర్ కోసం వేలికి సూది గుచ్చడం కూడా ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎంకే వదిలేయండి. పిల్లలు వరస నడపొచ్చు, బరువు తూచొచ్చు, పేర్లు రాయొచ్చు, నేర్పితే బీపీ చూడొచ్చు.

క్యాంపుల్లో తరచూ తప్పేది ఆ బీపీయే. కొండ దిగి నడిచొచ్చిన మనిషికి వచ్చీరాగానే పట్టీ కడితే అంకె పెరిగే ఉంటుంది. ముందు 5 నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేలకు ఆన్చి, మాట్లాడించకుండా కూర్చోబెట్టాలి. చేయి గుండె ఎత్తులో బల్లమీద ఉండాలి. జాకెట్టు చేయి పైకి నెడితే అదే బిగుసుకుపోయి లెక్క చెడగొడుతుంది. బట్ట పలచనైతే దానిమీదే కట్టడం మేలు. సన్నటి చేతికి పెద్ద పట్టీ కడితే అంకె తగ్గుతుంది, లావు చేతికి చిన్నది కడితే పెరుగుతుంది. చుట్టుకొలత 22–26 సెం.మీ. ఉన్న చేతులకు చిన్న సైజు పట్టీ వేరే కొనాలి. నిమిషం ఆగి రెండోసారి చూసి సగటు రాయాలి. ఒక్కరోజు 140/90 దాటినంత మాత్రాన ‘నీకు బీపీ ఉంది’ అనకూడదు, మరో రోజు చూడాలి. 180/110 దాటితే మాత్రం అదే రోజు డాక్టరు దగ్గరికి పంపాలి. చీటీ రెండు కాపీలు రాసి ఒకటి మనిషికి, ఒకటి ఆశా కార్యకర్తకు ఇవ్వండి. ఆ రెండో కాపీ లేకపోతే మీవాళ్లు విమానమెక్కాక ఎవరు ఎవరో తెలియదు.

అందుకే క్యాంపు మీది కాకూడదు, పీహెచ్‌సీది కావాలి. రెండు మూడు నెలల ముందే డీఎంహెచ్ఓకు (జిల్లా వైద్యాధికారికి), ఐటీడీఏకు (గిరిజనాభివృద్ధి సంస్థకు), పీహెచ్‌సీ డాక్టరుకు ఉత్తరం రాసి ‘మీకేం కావాలి’ అని అడగండి. ‘మేం ఇది చేస్తాం’ అని మొదలుపెట్టొద్దు. ఏ మెడికల్ కాలేజీ కమ్యూనిటీ మెడిసిన్ విభాగంతోనైనా కలిస్తే ఇంకా మంచిది. పాడేరులోనే ఇప్పుడు ప్రభుత్వ కాలేజీ ఉంది. జనం దొరికేది సంత రోజున. మీ అమ్మాయి తెలుగు ఇంట్లో సరిపోతుందేమోగానీ, కువి, ఆదివాసీ ఒరియా మాట్లాడే ఊళ్లలో ఆశా కార్యకర్త పక్కన లేకుండా ఒక్క మాటా నడవదు.

అమెరికా వేసవి అంటే ఇక్కడ వానలు. గెడ్డలు పొంగితే దారి ఆగిపోతుంది, మలేరియా పెరిగేదీ అప్పుడే. అది రాకుండా డాక్టరు డాక్సీసైక్లిన్ రాస్తే ప్రయాణానికి 1–2 రోజుల ముందు మొదలెట్టి, తిరిగొచ్చాక 4 వారాలు వాడాలి. చాలామంది ఇల్లు చేరగానే మానేస్తారు. టైఫాయిడ్ టీకా 2 వారాల ముందే వేయించండి. ఇ-టూరిస్ట్ వీసామీద జీతం లేని స్వచ్ఛంద సేవకు గరిష్ఠం ఒక నెల. సేకరించిన లెక్కలతో కాలేజీలో పోస్టర్ వేద్దామనుకుంటే అది పరిశోధన: ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, ఓసీఐ కార్డున్నవారికి (విదేశీ పౌరులైన భారత సంతతివారికి) ప్రత్యేక అనుమతీ కావాలి.

ప్రశ్న: దత్తత కుటుంబాల కార్యక్రమంలో (ఒక్కో విద్యార్థి ఊళ్లో కొన్ని ఇళ్ల ఆరోగ్యం చూసుకునేది) మేం చూసే ఒక ఇంట్లో అమ్మాయికి సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్తపు జబ్బు) పరీక్ష పాజిటివ్ అని తేలింది. వాళ్లకు నేనే చెప్పొచ్చా?
– ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం విద్యార్థి

జవాబు: వద్దు. ఊళ్లో చేసేది సాల్యుబిలిటీ పరీక్ష అయితే, జబ్బు ఉన్నవారిలోనూ, కేవలం జన్యువు మోస్తున్న క్యారియర్‌లోనూ అది పాజిటివ్‌గానే వస్తుంది. తేల్చేది ల్యాబ్‌లో చేసే పెద్ద పరీక్ష, అంటే హెచ్‌పీఎల్‌సీ గానీ ఎలక్ట్రోఫోరెసిస్ గానీ. ఆరు నెలలలోపు పాపల్లో, రక్తం బాగా తగ్గినవాళ్లలో జబ్బున్నా నెగటివ్ రావచ్చు. అరుగు మీద పదిమంది ముందు ‘సికిల్ సెల్ ఉందట’ అంటే ఆ అమ్మాయి పెళ్లి మాటల్లో ఆ ముక్కే మిగులుతుంది, క్యారియర్ అన్నది ఎవరికీ గుర్తుండదు. రిపోర్టు వచ్చాక మెడికల్ ఆఫీసరే విడిగా చెప్పాలి. తల్లీతండ్రీ ఇద్దరూ క్యారియర్లైతే ప్రతి కాన్పులోనూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ‘మొదటి బిడ్డకు వచ్చింది, ఇక మిగతా ముగ్గురికి రాదు’ అనుకునేవాళ్లు చాలామంది. ప్రతి కాన్పూ కొత్త లెక్కే అన్న ఈ ఒక్కటి, తీసిన గింజ మళ్లీ కలిపేస్తూ రెండు రంగుల చిక్కుడు గింజలతో ఆడి చూపిస్తే అర్థమవుతుంది. మీ పనల్లా ఆ ఇంటివాళ్లను పెద్ద పరీక్ష రోజున వెంటబెట్టుకు వెళ్లడం.

ప్రశ్న: క్యాంపులో సూది గుచ్చుకుంటే?
– నర్సింగ్ విద్యార్థిని, వరంగల్

జవాబు: పిండొద్దు, స్పిరిట్, బ్లీచ్ పోయొద్దు. సబ్బుతో, పారే నీళ్లతో కడిగి వెంటనే ఇన్‌చార్జికి చెప్పమ్మా. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందు 2 గంటల్లో మొదలైతే మేలు. 72 గంటలు దాటితే పనికిరాదు. 28 రోజులు ఆపకుండా వాడాలి. హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ బయల్దేరక ముందే పూర్తవ్వాలి. ఆ హెచ్ఐవీ మందు రాత్రిపూట కూడా ఇచ్చే ఆసుపత్రి ఏది, అక్కడికెళ్లే బండి ఎవరిది అన్నది క్యాంపు మొదటి రోజే కాగితం మీద రాసి గోడకు అంటించుకోండి.