లైవ్‌లో కూర్చునే ముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

శనివారం సాయంత్రం కొత్తగూడెం ఆకాశవాణిలో లైవ్‌కి పిలిచారని, బాల్ బ్యాడ్మింటన్ గురించి మాట్లాడమన్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషమేసింది. నీకు మాత్రం టెన్షన్‌గా ఉందట. నేను కొన్నిసార్లు రేడియోకి వెళ్లొచ్చినవాణ్ణి కాబట్టి తెలిసింది రాస్తున్నాను.

మొదటిసారి వెళ్లినప్పుడు నాలుగు పేజీలు రాసుకుపోయాను. తంజావూరు రాజకుటుంబం వాళ్లు 1856 నాటికే ఈ ఆట ఆడారని, ఫెడరేషన్ ఎప్పుడు పెట్టారని, ఏ టోర్నమెంట్ ఎవరు గెలిచారని పావుగంట చదివినట్టే మాట్లాడాను. తర్వాత ఫోన్ చేసిన మొదటి పెద్దాయన, "అంతా మంచిగుంది సారూ, ఇంతకీ ఆ బంతి ఎంతుంటది?" అని అడిగాడు. అప్పుడు అర్థమైంది. వినేవాళ్లకు నేను ఆటను చూపించనేలేదు.

అందుకే నువ్వు బంతితో మొదలుపెట్టు. పసుపు రంగు ఉన్ని బంతి, పెద్ద నిమ్మకాయంత, ముప్పై గ్రాములు కూడా దాటదు. కింద పడితే పాయింట్ పోయినట్టే, గాల్లో ఉండగానే కొట్టాలి. ఒక్కో వైపు ఐదుగురు: ముందు ఇద్దరు, నడుమ ఒకరు, వెనక ఇద్దరు. 35 పాయింట్లు ముందు చేసినవాళ్లది గేమ్, మూడింట్లో రెండు గెలిస్తే మ్యాచ్. నియమాలు ఇంతవరకు చాలు. క్రీజు గీతలు, సర్వీస్ తప్పులు పిల్లలు గ్రౌండ్‌కి వచ్చాక నేర్పొచ్చు. కోర్టు 24 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు అంటే ఎవరికీ కంటికి ఆనదు. వాలీబాల్ కోర్టు కన్నా పెద్దది అను. మన దగ్గర వాలీబాల్ నెట్ చూడని ఊరు లేదు.

ఒక బ్యాట్, ఒక బంతి తప్పకుండా పట్టుకెళ్లు. లైవ్ మొదలవకముందే డ్యూటీలో ఉన్నవాళ్లను అడిగి, మైకుకి కాస్త దూరంగా బంతిని బ్యాట్ మీద నాలుగుసార్లు కొట్టి వినిపించు. ఉన్ని బంతి చప్పుడు మెత్తగా ఉంటుంది, షటిల్ చప్పుడులా ఉండదు. చిన్నప్పుడు బడిలో ఆడినవాళ్లు ఆ చప్పుడు వింటే చేతిలో పని ఆపుతారు. అలా ఆగినవాళ్లే ఫోన్ చేస్తారు. నా అనుభవంలో మన ఆటకు మాటలకన్నా ఎక్కువ పని చేసింది ఆ చప్పుడే.

యాంకర్ గారితో ముందే ఒక మాట చెప్పు, ఉత్త 'బ్యాడ్మింటన్' అనొద్దని. అలా అంటే వినేవాళ్ల మనసులో షటిల్ కాక్ మెదులుతుంది, ఇక సగం టైం దాన్ని తీసేయడానికే పోతుంది. అలాగని షటిల్‌ని గానీ క్రికెట్‌ని గానీ తక్కువ చేసి మాట్లాడకు. వినేవాళ్ల పిల్లలు ఆడేవి అవే. మన ఆటకి ఇండోర్ హాలు అక్కర్లేదని, కాస్త గాలి వీచినా షటిల్ కాక్‌లా బంతి కొట్టుకుపోదని, మట్టి నేల చదును చేసుకుంటే చాలని చెప్పు.

ఎవరైనా "ఈ ఆటకు గుర్తింపు ఏముందమ్మా?" అంటే నొచ్చుకోకు. మన వరంగల్ జమ్మలమడక పిచ్చయ్య గారు 1970లో అర్జున అవార్డు అందుకున్నారని, బాల్ బ్యాడ్మింటన్‌లో ఆ అవార్డు మొదట వచ్చింది ఆయనకేనని చెప్పు. ఆ ఒక్క పేరు చాలు. పది పేర్లు చదివితే రేడియోలో ఏదీ నిలవదు. "ఉద్యోగం వస్తదా?" అని తల్లిదండ్రులు కచ్చితంగా అడుగుతారు. ఆశ పెట్టకు. స్పోర్ట్స్ కోటా నియమాలు మారుతుంటాయి, ఇప్పుడున్న జీవో చూసి చెబుతానను, నంబర్ రాసుకుని నిజంగానే ఫోన్ చెయ్యి.

అరగంట ముందే వెళ్లు. గాజులు తీసేసి కూర్చో, చెయ్యి కదిపిన ప్రతిసారీ మైకు వాటిని పట్టేస్తుంది. ఫోన్ బయటే పెట్టు. మైకుకి జానెడు దూరంలో ఉండి, వెనక్కీ ముందుకీ ఊగకు. వేలమంది వింటున్నారని తలచుకుంటే గొంతు బిగుసుకుంటుంది. ఫస్ట్ షిఫ్ట్ దిగి ఇంటికొచ్చి, టీ తాగుతూ వింటున్న ఒక్క సింగరేణి కార్మికుణ్ణి అనుకో. ఆయన కూతురు ఏడో తరగతి. ఆయనకే చెప్పు.

ఆదివారం ఆట నేర్పే గ్రౌండ్ ఎక్కడో, ఎన్ని గంటలకో ఒక అట్ట ముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి ఎదురుగా పెట్టుకో. కాగితమైతే గరగరమంటుంది. మధ్యలో ఒకసారి, చివర్లో ఒకసారి నిదానంగా చెప్పు. బ్యాట్ మేమే ఇస్తాం, అమ్మాయిలు కూడా రావచ్చు అని కలుపు. ఆ మాట చెప్పకపోతే చాలా ఇళ్లలో ఆడపిల్లలను పంపరు.

ఆదివారం పొద్దున ఆరింటికల్లా నువ్వు గ్రౌండ్‌లో ఉండాలి. ముగ్గురొచ్చినా, ఒక్కరే వచ్చినా నెట్ కట్టి సిద్ధంగా ఉండు. ఒకసారి వర్షం పడిందని నేను ఆలస్యంగా వెళ్లాను. సైకిల్ మీద చాలా దూరం నుంచి వచ్చిన ఇద్దరు పిల్లలు చూసి చూసి వెళ్లిపోయారని వాచ్‌మన్ చెప్పాడు. వాళ్లు మళ్లీ రాలేదు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు నాకు.

రేపు ఆర్టీసీ కార్గోలో డజను కొత్త బంతులు, నా పాత బ్యాట్లు ఆరు పంపిస్తున్నాను. రెండు బ్యాట్లకి గట్ తీగలు వదులయ్యాయి, శనివారం లోపల బిగించుకో.

మీ మామయ్య